పెద్ద అక్షరాల బైబిలు

విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్ దొరగారు ఆనందరాయర్ గారి సహాయంతో తెలుగులోకి తెచ్చిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆనాడు వాక్యానికి అడ్డు భాష; నేడు మన పెద్దలకు అడ్డు చూపు.

మన సంఘంలో ఒక అమ్మగారు బైబిలు ఒడిలో తెరచి పెట్టుకుంటారు గాని చదవడం మానేశారు. మేము అడిగితే, "ఒత్తులు కలిసిపోతున్నాయి అయ్యగారూ" అన్నారు సిగ్గుపడుతూ. సిగ్గెందుకు? పౌలు కూడా గలతీయులకు తన చేతితో పెద్ద అక్షరాలే వ్రాశాడు (గలతీ 6:11).

కొనేటప్పుడు అట్టమీద మాట చూసి కొనకండి, లోపలి పేజీ తెరవండి. ఒత్తులు కింది వరుసకు తగలకూడదు, వెనుక పేజీ అచ్చు కనబడకూడదు, ఒడిలో బరువు కాకూడదు. చదవవలసిన పెద్దలచేతనే ఒక కీర్తన చదివించి చూడండి.

వారు తమ కళ్లతో చదువుకున్న రోజే ఆనాటి ప్రయాస వారి ఇంటికి చేరినట్టు. ఆమేన్.