పలకపైకి ప్రోగ్రాము వచ్చిన త్రోవ

టాబ్లెట్ అనునది చూచుటకు బడిపిల్లల పలకను పోలిన గణనయంత్రము. దాని గాజుముఖముపై నున్న ఒక బొమ్మను వ్రేలితో తాకినంతనే, ఎక్కడనో దూరదేశమున నున్న భాండారమునుండి ఒక కొత్త ప్రోగ్రాము వచ్చి యంత్రములో చేరును. అట్టి ప్రోగ్రామును వాడుకలో యాప్ అందురు. దానిని రప్పించుకొనుటను డౌన్‌లోడు చేయుట యనియు, యంత్రమున కుదురుకొల్పుటను ఇన్‌స్టాల్ చేయుట యనియు చెప్పుదురు. ఈ పని యంతయు తరచుగా అరనిమిషములో ముగియును. కాని ఆ అరనిమిషము వెనుక దాదాపు 80 ఏండ్ల చరిత్ర కలదు. దానిని పరికించినచో అది వేగము పెరిగిన కథ మాత్రమే కాదని తెలియును. పరులు వ్రాసిన ఆజ్ఞలను మన యంత్రములోనికి రానిచ్చునపుడు ఎవరిని నమ్మవలెను? ఈ ప్రశ్నయే ఆ చరిత్ర పొడుగునను వినవచ్చును.

తీగలనుండి కాగితపు పట్టీలకు

1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఎనియాక్ అను గణనయంత్రమును లోకమునకు చూపిరి. అది ఒక పెద్ద గదిని నిండియుండెను. దానిచేత కొత్త లెక్క చేయింపవలెనన్న, తీగలను ఊడదీసి వేరుచోట్ల తగిలించి, మీటలను మార్చవలసి యుండెను. ఇందుకు ఒక్కొక్కప్పుడు దినములు పట్టెడివి. లెక్కను ఎరిగినవారును, తీగలను తగిలించువారును ఒకే బృందములోనివారు. కనుక అపరిచితుని ఆజ్ఞ యంత్రములో చొరబడునను భయమే లేకుండెను.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మారిస్ విల్క్స్ నాయకత్వమున నిర్మింపబడిన ఎడ్‌శాక్ 1949 మే 6వ తేదీన తొలిసారి పనిచేసెను. దీనికి ఆజ్ఞలను కాగితపు పట్టీపై రంధ్రములుగా పొడిచి అందించెడివారు. అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. ఏ ఆజ్ఞయు లేని ఖాళీ యంత్రమునకు పట్టీని చదువుట ఎట్లు తెలియును? డేవిడ్ వీలర్ అను యువకుడు ఇందుకు 31 ఆజ్ఞలతో ఒక చిన్న ప్రోగ్రామును రచించెను. టెలిఫోను ఎక్స్‌చేంజీలలో వాడు మీటలపై దీనిని శాశ్వతముగ అమర్చిరి. మీట నొక్కగానే ఆ 31 ఆజ్ఞలు యంత్రపు స్మృతిలోనికి పోయి, తక్కిన పట్టీని చదివి, ఆజ్ఞలను వాని వాని స్థానములలో కూర్చుండబెట్టెడివి. నేడు టాబ్లెట్‌లో యాప్‌ను కుదుర్చు ప్రోగ్రాములకు ఆ 31 ఆజ్ఞలు ముత్తాతల వంటివి.

కేంబ్రిడ్జి వారు మరియొక మంచి అలవాటును కూడ నెలకొల్పిరి. తరచుగా అవసరమగు లెక్కలకు వ్రాసిన ప్రోగ్రాములను పట్టీలుగా బీరువాలో భద్రపరచిరి. కావలసినవారు వానికి నకళ్లు తీసి తమ పనిలో చేర్చుకొనెడివారు. ఇతరులు వ్రాసినదానిని తెచ్చి వాడుకొనుట అక్కడ నిత్యకృత్య మయ్యెను. ఐనను వ్రాసినవాడు ప్రక్కగదిలోనే ఉండెను. సందేహము కలిగినచో పోయి అడుగవచ్చును.

సరకుగా మారిన ప్రోగ్రాము

చాలకాలము ప్రోగ్రాములు యంత్రముతోపాటు ఉచితముగ వచ్చెడివి. 1969లో ఐ.బి.ఎం. సంస్థ యంత్రమునకు వేరు, ప్రోగ్రాములకు వేరు ధర నిర్ణయింతునని ప్రకటించెను. దానితో ప్రోగ్రామును విడిగా అమ్ము వ్యాపారమునకు మార్గము సుగమమయ్యెను. 1970ల చివర ఇండ్లలోనికి చిన్న కంప్యూటరులు ప్రవేశించినపుడు, ప్రోగ్రాములు పాటల క్యాసెట్లపై రాసాగెను. సున్నను ఒక విధమగు ధ్వనిగను, ఒకటిని మరియొక విధమగు ధ్వనిగను ముద్రించెడివారు.

ధ్వని యైనపుడు రేడియోలో ఏల పంపరాదు? 1980ల ఆరంభమున నెదర్లాండ్స్ రేడియోవారు ఈ పనినే చేసిరి. ప్రసార సమయమున రేడియోనుండి కీచుమను రొద వినవచ్చెడిది. శ్రోతలు దానిని క్యాసెట్‌పై పట్టుకొని కంప్యూటరుకు వినిపించెడివారు. వేరువేరు కంపెనీల యంత్రముల భాషలు కొంచెము భిన్నములగుటచే, అన్నిటికిని పనికివచ్చునట్లు బేసికోడ్ అను ఉమ్మడి పద్ధతిని ఏర్పరచిరి. తీగయు, పెట్టెయు, అంగడియు లేకుండ ఆకాశమార్గమున ప్రోగ్రాము ఇల్లు చేరుట ఆనాడే జరిగినది.

తరువాత ఫ్లాపీ బిళ్లలు ప్రబలెను. ఒకరి బిళ్ల మరియొకరి యంత్రములో తిరుగసాగెను. 1986లో లాహోరు నగరమున పుట్టిన బ్రెయిన్ అను వైరసు ఈ బిళ్లలమీదుగనే దేశదేశములకు వ్యాపించెను. వ్రాసినవాడు ప్రక్కగదిలో ఉండిన కాలము గతించినదని అందరికిని తెలిసివచ్చెను.

లక్కముద్ర

దూరమునుండి వచ్చిన ప్రోగ్రాము నిజముగ ఎవరు పంపినది? దారిలో ఎవరైన దానిని మార్చిరా? ఈ రెండు ప్రశ్నలకు గణితమే సమాధానము చెప్పెను. 1976లో డిఫీ, హెల్మన్ అను ఇరువురు జంట తాళపుచెవుల పద్ధతిని ప్రతిపాదించిరి. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్మన్ అను మువ్వురు దానిని పెద్ద ప్రధానసంఖ్యల గుణకారముపై ఆధారపరచి ఆచరణయోగ్యము చేసిరి.

దాని తీరు ఇట్టిది. ప్రోగ్రాములోని అక్షరములన్నిటినుండి ఒక నిర్ణీతవిధానమున ఒక సారసంఖ్యను రాబట్టుదురు. ప్రోగ్రాములో ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య పూర్తిగా మారిపోవును. రచయిత తనవద్ద మాత్రమే యుండు రహస్యపు తాళపుచెవితో ఆ సంఖ్యపై ముద్ర వేయును. అతని బహిరంగపు తాళపుచెవి ఉన్న ఎవరైనను ఆ ముద్రను పరీక్షింపవచ్చును గాని, అట్టి ముద్రను తాము వేయజాలరు.

తపాలాలో వచ్చు భీమా పార్సెలుపై లక్కముద్ర యుండును గదా! మూట పంపినవారిదే యనియు, దారిలో ఎవరును విప్పలేదనియు ఆ ముద్ర చెప్పును. లోపల నున్నది మిఠాయియో తేలో మాత్రము చెప్పదు. ఈ భేదమును గుర్తుంచుకొనుట అవసరము.

థాంప్సన్ హెచ్చరిక

యూనిక్స్ అను ప్రసిద్ధ వ్యవస్థను నిర్మించినవారిలో ఒకరగు కెన్ థాంప్సన్ 1983లో ట్యూరింగ్ బహుమానమును పొందెను. ఆ సందర్భమున ఆయన చేసిన ప్రసంగము 1984లో అచ్చయ్యెను. మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు సాధనమునకు కంపైలరు అని పేరు. ఆ కంపైలరునే ఎవరైన దొంగతనముగ మార్చినచో, అది తాననువదించు మంచి ప్రోగ్రాములలో దొంగవాకిలిని ఉంచగలదని ఆయన నిరూపించెను. తరువాత తయారగు కొత్త కంపైలరులోనికి కూడ ఆ మోసము దానంతట అది ప్రాకగలదు. మూలమును ఎన్నిసార్లు చదివినను దాని జాడ కానరాదు. ప్రోగ్రామును నమ్ముట యనగా చివరకు మనుష్యులను నమ్ముటయే యని ఆ ప్రసంగపు సారాంశము.

పలకయు అంగడియు

పిల్లలు చేతపట్టుకొని తిరుగగల పుస్తకమంత కంప్యూటరును 1972లోనే అలన్ కే అను శాస్త్రజ్ఞుడు ఊహించి, డైనాబుక్ అని పేరు పెట్టెను. ఆనాటి విద్యుత్పరికరములతో అది సాధ్యము కాలేదు. 2007లో ఆపిల్ సంస్థ ఐఫోన్‌ను విడుదల చేసినపుడు కూడ అందులో ఇతరులు తమ ప్రోగ్రాములను కుదుర్చుటకు వీలులేకుండెను. 2008 జులై 10న సుమారు 500 యాప్‌లతో ఆ సంస్థవారి అంగడి తెరువబడెను. మూడు దినములలో కోటి డౌన్‌లోడులు జరిగెను. అదే సంవత్సరము అక్టోబరులో గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ యంత్రములకు మరియొక అంగడిని తెరచెను. 2010 ఏప్రిల్ 3న ఐపాడ్ అను టాబ్లెట్ అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. మొదటిదినముననే మూడు లక్షలకు పైగా పలకలు అమ్ముడుపోగా, వానిలోనికి పదిలక్షలకు పైగా యాప్‌లు దిగెను.

ఆండ్రాయిడ్ పలకపై బొమ్మను తాకినపుడు జరుగు పని యిది. మొదట ఒక మూట వచ్చును. ఏ.పి.కె. అను ఆ మూటలో ఆజ్ఞలు, బొమ్మలు, తనకు కావలసిన అనుమతుల పట్టిక, రచయిత ముద్ర ఉండును. యంత్రము ముద్రను పరీక్షించును. పాత యాప్‌కు కొత్త కూర్పు వచ్చినచో, రెండింటి ముద్రయు ఒకే తాళపుచెవిదైననే అంగీకరించును. పిమ్మట ఆ యాప్‌కు ఒక ప్రత్యేక సంఖ్యనిచ్చి, వేరొక గదిలో ఉంచినట్లు ఉంచును. ఒక గదివారు మరియొక గదిలోని వస్తువులను తీసుకొనరాదు. కెమేరా, పరిచయస్థుల పట్టిక, సందేశములు మొదలగువానిని ముట్టుకొనుటకు యజమాని అనుమతి కావలెను. పూర్వము ఈ అనుమతులన్నిటిని కుదుర్చుకొనునపుడే ఒక్కమారుగ ఇయ్యవలసి యుండెను. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6వ కూర్పునుండి, ముఖ్యమైనవానిని అవసరము కలిగినపుడు విడివిడిగా అడుగుట మొదలయ్యెను.

అంగడివాడు తప్పినపుడు

అంగడి యుండినచో దొంగసరకు రాదని కొందరు తలచిరి. 2011 మార్చిలో ఆండ్రాయిడ్ అంగడిలోనే 50కి పైగా దొంగయాప్‌లు బయటపడెను. గూగుల్ వారు వానిని అంగడినుండి తీసివేయుటయే గాక, కొన్నవారి యంత్రములనుండి కూడ దూరముననుండియే చెరపివేసిరి. అంగడివాని చేయి మన పలకలోపలికి ఎంతదూరము రాగలదో దీనివలన తెలిసెను.

2015 సెప్టెంబరులో అంతకన్న గంభీరమైన సంగతి జరిగెను. ఐఫోను యాప్‌లను తయారుచేయు ఎక్స్‌కోడ్ అను సాధనము చాల పెద్దది. చైనాలో దానిని ఆపిల్ వారినుండి తెచ్చుకొనుట ఆలస్యమగుటచే, కొందరు రచయితలు ఇతరచోట్ల దొరకిన నకళ్లను వాడిరి. ఆ నకళ్లలో ఎవరో మార్పులు చేసియుండిరి. రచయితలు సజ్జనులే, ముద్రలు సరియైనవే, అంగడివారి పరీక్షయు జరిగినదే. ఐనను వారి యాప్‌లలో పరుల ఆజ్ఞలు చేరి, కోట్లమంది వాడు వీచాట్ యొక్క ఒక కూర్పులో సైతము కనబడెను. థాంప్సన్ వర్ణించిన ఉపాయము యథాతథముగ ఇది కాదు గాని, 31 ఏండ్లకు ఆయన హెచ్చరిక నిజమయ్యెను.

అంగడి లేకుండుట కూడ ఇబ్బందియే. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో భారతప్రభుత్వము విద్యార్థులకొరకు ఆకాశ్ అను చౌక టాబ్లెట్‌ను ఆవిష్కరించెను. దాని కూర్పు హైదరాబాదులోని కర్మాగారమున జరిగెను. అందులో గూగుల్ వారి అంగడి లేదు. గెట్‌జార్ అను వేరొక అంగడి యుండెను. ఒకే ఆండ్రాయిడ్ యైనను ఏ అంగడి ఉన్నదో దానినిబట్టియే ఏ యాప్‌లు చేతికందునో నిర్ణయమయ్యెను. ఒకే అంగడి పెత్తనము మంచిది కాదను వాదమువలన ఐరోపా సమాఖ్య ఒక చట్టము చేయగా, 2024లో ఆపిల్ సంస్థ ఆ దేశములలో తన ఫోనులపైనను, పలకలపైనను ఇతరుల అంగళ్లను అనుమతించెను.

చివరి ద్వారము

అంగడితో పనిలేకుండ ఏ.పి.కె. మూటను నేరుగ తెచ్చుకొను వీలు ఆండ్రాయిడ్‌లో మొదటినుండియు కలదు. 2017నుండి, ఏ మార్గమున మూట వచ్చినదో ఆ మార్గమునకు యజమాని ప్రత్యేకముగ అనుమతి ఇచ్చిననే అది కుదురుకొనును. ఈ వీలునే మోసగాండ్రు వాడుకొనుచున్నారు. ఇటీవల మనదేశమున పెండ్లి శుభలేఖ యనియో, ప్రభుత్వ పథకపు దరఖాస్తు అనియో సందేశములలో ఇట్టి మూటలను పంపుచున్నారు. శుభలేఖ యన్నది బొమ్మయో అచ్చుపుటయో కావలెను గాని ప్రోగ్రాము కానక్కరలేదు. అట్టిదానిని కుదుర్చుకొని, సందేశములను చదువుటకు అనుమతి ఇచ్చినచో, బ్యాంకు పంపిన రహస్యసంఖ్య దొంగచేతికి పోవును. ఆ మూటకును ముద్ర యుండును. ముద్ర లేనిదే యంత్రము దానిని చేర్చుకొనదు. కాని అది దొంగ తాను వేసికొన్న ముద్ర.

ఎనియాక్ కాలమున దినములు పట్టిన శ్రమ నేడు ఒక్క తాకుడులో ముగియుచున్నది. శ్రమ తగ్గినంతగా నమ్మకపు బరువు తగ్గలేదు. అది ప్రక్కగదివానినుండి అంగడివానికి, గణితమునకు, చివరకు పలకను పట్టుకొన్నవానికి చేరినది. మూట ఎక్కడనుండి వచ్చినది, చెప్పిన పనికి అది కోరు అనుమతి అవసరమా యను రెండు ప్రశ్నలను అడుగుటకు అరనిమిషము కూడ పట్టదు. దీపము వెలిగించు యాప్ పరిచయస్థుల పట్టికను కోరినచో, వలదనుటకు శాస్త్రజ్ఞుడు కానక్కరలేదు.