అచ్చు అయ్యాక మన దగ్గర ఏం మిగులుతోంది?

మన సావనీర్లు, సభ్యుల డైరెక్టరీలు డీటీపీలోనే తయారవుతున్నాయి కదా, దాని వెనకున్న చరిత్ర కొంచెం చెప్పుకుందాం.

1969లో ఐబీఎంలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ కలిసి జీఎంఎల్ తయారుచేశారు. "దీన్ని లావు అక్షరాల్లో వెయ్యి" అని కాకుండా "ఇది శీర్షిక, ఇది పేరా" అని గుర్తు పెట్టడమే అందులోని కీలకం. ఆ దారిలోనే 1986లో ఎస్‌జీఎంఎల్, 1998లో ఎక్స్‌ఎంఎల్ వచ్చాయి.

1985లో వచ్చిన పేజ్‌మేకర్ దారి వేరు. అందులో పేజీ ఎలా కనిపిస్తుందన్నదే ముఖ్యం. దానికోసం చేసిన పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే కనిపించేది గందరగోళమే. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా మన అలవాటు వెంటనే మారలేదు.

1999లో మొదలైన ఇన్‌డిజైన్‌లో తర్వాత ఈ రెండు దారులూ కలిశాయి. ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెచ్చుకుని "పేరు" ట్యాగుకు ఒక స్టైలు, "ఊరు" ట్యాగుకు మరొకటి జతచేస్తే వందల పేర్లు ఒక్కసారే ఆ రూపంలోకి వస్తాయి. ఒత్తులు సరిగ్గా పడాలంటే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. పేజీ విరుపులు, ఫొటోలు మాత్రం మనిషే చూసుకోవాలి.

హోసూరు, బరంపురం, షోలాపూర్‌లలో తెలుగు మాట్లాడినా చదవలేని పిల్లలు ఉన్నారు. యూనికోడ్ ఫైలుంటే అదే పాఠాన్ని వాళ్ళకు తెలిసిన లిపిలోకి మార్చి ఇవ్వొచ్చు. అందుకే ఈసారి ప్రెస్సు నుంచి పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకండి, ట్యాగులున్న యూనికోడ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి.