యోతాము ఎవరితో చెప్పుకున్నాడు?



ఉజ్జీయా రాజు గురించి మేము ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. యాజకుల పని తన చేతుల్లోకి తీసుకున్నాడు, నొసట కుష్ఠు కనబడింది, దేవాలయం నుండి బయటికి పంపేశారు. గర్వం గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి భాగం దొరకదు. దినవృత్తాంతముల రెండవ గ్రంథం ఇరవై ఆరవ అధ్యాయం చివర ఇంకొక సంగతి ఉంది. రాజు చనిపోయేదాకా వేరుగా ఒక ఇంట్లో ఉన్నాడు, కొడుకు యోతాము రాజనగరు బాధ్యత చూశాడు. తండ్రి బ్రతికే ఉన్నాడు, అదే ఊళ్ళో. ఆ కొడుకు గుమ్మం దాటి లోపలికి వెళ్ళేవాడో, వాకిట్లో నిలబడే పలకరించి వచ్చేవాడో లేఖనం చెప్పదు. ఇన్నేళ్ళ సేవలో యోతాము గురించి మేము ఒక్క ఆదివారమైనా మాట్లాడలేదు.

మా సంఘంలోని ఒక పిల్లవాడి వల్ల ఆ భాగం మళ్ళీ తెరిచాం. వాడికి తొమ్మిదేళ్ళు. తండ్రికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. తల్లి వెంట వెళ్ళక తప్పదు. పిల్లవాణ్ణి హాస్టల్లో వేయమని సలహా ఇచ్చింది మేమే. చదువు పాడవదు, ఇంట్లో ఈ బాధలన్నీ వాడి కంట పడవు అనుకున్నాం. నాన్నకు ఒంట్లో బాగోలేదని మాత్రం చెప్పి పంపారు. సంక్రాంతి సెలవులకు వచ్చినవాడు నాన్న మంచం మీద కూర్చోడు, నాన్న తాగిన గ్లాసు ముట్టుకోడు. అమ్మమ్మ కోప్పడితే, "అంటుకుంటుందనే కదా నన్ను పంపేశారు" అన్నాడట. తల్లి ఆ మాట మాతో చెప్పి ఏడ్చింది. కిడ్నీ జబ్బు అంటుకోదని వాడికి ఎవరూ చెప్పలేదు. తనను పంపేశారన్న ఒక్క సంగతి పట్టుకుని, మిగతాదంతా వాడే ఊహించుకున్నాడు.

అప్పటినుండి కుష్ఠురోగుల పిల్లల చరిత్ర చదువుతున్నాం. ఎందుకంటే ఈ పనిని మనకంటే ముందు, మనకంటే పెద్ద ఎత్తున, ప్రభుత్వాలూ మిషన్లూ చేశాయి.

1869లో వెల్స్‌లీ బెయిలీ అనే ఐర్లాండు దేశస్థుడు పంజాబులోని అంబాలాలో కుష్ఠురోగుల ఆశ్రమం చూసి కదిలిపోయాడు. 1874లో కుష్ఠురోగుల కోసం ఒక మిషన్ మొదలుపెట్టాడు. అప్పటికి ఏడాది ముందే, 1873లో, నార్వేలో హాన్సెన్ అనే వైద్యుడు ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొన్నాడు. పాపం వల్ల వచ్చింది, వంశంలో ఉంది అన్న మాటలకు జవాబు దొరికింది. అయితే క్రిమి అనగానే కొత్త భయం కూడా పుట్టింది. మందు లేదు. రోగితో కలిసి బ్రతికే పిల్లలకు సోకే ప్రమాదం నిజంగానే ఎక్కువ. 1897లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సభ రోగులను వేరుచేయడమే మార్గమని చెప్పింది. మరుసటి ఏడు, 1898లో, మన దేశంలో కుష్ఠురోగుల చట్టం వచ్చింది. అది పుస్తకాల్లోంచి పోయింది 2016లో.

మిషన్ ఆశ్రమాల్లో వ్యాధి సోకని పిల్లల కోసం వేరే గృహాలు కట్టారు. తిండి పెట్టారు, చదువు చెప్పారు, పనులు నేర్పారు. వీధిలో బిచ్చమెత్తాల్సిన పిల్లలు ఎందరో ఉపాధ్యాయులూ నర్సులూ అయ్యారు. ఆ సేవను చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. మన సంఘాల పెద్దల్లో కొందరి తాత ముత్తాతలు అక్కడే పెరిగారు. అయితే లెక్క రాసినవాళ్ళు ఎందరు పిల్లలకు వ్యాధి రాలేదో రాశారు. రాత్రి ఎందరు ఏడ్చారో ఏ రిజిస్టరులో రాస్తారు?

హవాయి దీవుల్లో 1865లో చట్టం చేసి, 1866 జనవరిలో మొదటి రోగులను కలౌపాపా ద్వీపకల్పానికి ఓడలో పంపారు. ఒకవైపు నిలువెత్తు కొండ, మిగతా మూడువైపులా సముద్రం. ఆ తరువాత నూరేళ్ళలో దాదాపు ఎనిమిది వేల మందిని అలా పంపారు. రోగుల ఆరోగ్యవంతులైన కూతుళ్ళ కోసం 1885లో హొనొలులులో మదర్ మరియాన్ కోప్, ఆమెతో వచ్చిన సిస్టర్లు ఒక గృహం తెరిచారు. రోమన్ కథోలికులైనా సరే, ఆ సిస్టర్ల ధైర్యానికి మనం తలవంచాలి. కలౌపాపాలో పుట్టిన బిడ్డను మాత్రం తల్లి ఎత్తుకోకుండానే తీసుకెళ్ళేవారు. చూడాలంటే మధ్యలో అద్దం ఉండేది. కొన్నాళ్ళకు ఆ బిడ్డను బంధువులకో, పెంచుకునేవాళ్ళకో ఇచ్చేవారు. ఆ చట్టం 1969 వరకు ఉంది.

బ్రెజిల్ ఇంకా గట్టిగా రాసుకుంది. కుష్ఠురోగులకు పుట్టిన బిడ్డను వెంటనే తప్పనిసరిగా తల్లిదండ్రుల దగ్గర నుండి తీసేయాలని 1949 చట్టంలో పెట్టారు. ఆ తేదీ చూసి మేము ఆగిపోయాం. 1940లలోనే డాప్సోన్ వంటి మందులు పనిచేస్తున్నాయని తెలిసింది. రెండేళ్ళకు, 1951లో, జాన్ బౌల్బీ అనే ఆంగ్ల వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఒక నివేదిక రాశాడు. చిన్న బిడ్డకు తల్లి ప్రేమ దూరమైతే మనస్సుకు కలిగే దెబ్బ, ఒంటికి విటమిన్లు అందకపోవడం వంటిదేనని అందులో వివరించాడు. ఒక వైపు రోగానికి మందు, మరో వైపు బిడ్డ మనస్సు గురించి జ్ఞానం, రెండూ వచ్చాక కూడా ఆ గృహాలు నడుస్తూనే ఉన్నాయి. అక్కడ పెరిగిన పిల్లలకు ప్రభుత్వం పింఛను ఇచ్చే చట్టం 2023లో వచ్చింది. అప్పటికి వాళ్ళూ ముసలివాళ్ళయ్యారు.

మమ్మల్ని ఎక్కువ కలచివేసింది జపాను. అక్కడ కుమమోతో పట్టణంలో ఆసుపత్రిలో ఉన్న రోగుల పిల్లల కోసం ఒక వసతిగృహం ఉండేది. ఆ పిల్లలకు వ్యాధి లేదు. 1954లో వాళ్ళను మామూలు బడికి పంపబోతే, మిగతా తల్లిదండ్రులు తమ పిల్లలను బడి మాన్పించి ఎదురు తిరిగారు. చివరికి ఆ వసతిగృహమే మూతపడింది. ఇలాంటి పిల్లలు పెద్దవాళ్ళై కోర్టుకెక్కారు. ఐదు వందల మందికి పైగా. 2019లో అదే కుమమోతోలో జిల్లా కోర్టు వాళ్ళకు పరిహారం ఇమ్మంది. అప్పటి ప్రధాని షింజో అబే క్షమాపణ చెప్పారు. లోకం చిన్నచూపు చూడడం ఒక్కటే కాదు, కన్నవాళ్ళతో మామూలు బంధం ఏర్పడకుండా పోవడం కూడా నష్టమేనని కోర్టు ఒప్పుకుంది. వాళ్ళలో కొందరు తల్లిదండ్రులు బ్రతికుండగానే లేరని చెప్పుకుని బ్రతికారు. రోగం తగ్గింది. నాన్నను చూస్తే భయపడాలి, అమ్మ పేరు చెబితే సిగ్గుపడాలి అని చిన్నప్పుడు నేర్చుకున్నది తగ్గలేదు.

మన ప్రాంతంలో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే వెస్లియన్ డాక్టరమ్మ కుష్ఠురోగుల ఆసుపత్రి నడిపారు. చాల్‌మూగ్రా నూనె సూదిమందులు ఇచ్చేవారు, చాలా నొప్పి. అయినా రోగి ఇంటికి తిరిగి వెళ్ళగలడు అన్న ఆశతో చేసిన వైద్యం అది. ఇంటికి వెళ్ళిన తండ్రిని పిల్లలు ఎలా చూశారో అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇవన్నీ చదివి, ఒక శనివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం. మా సలహా తప్పని ముందు ఆ తల్లిదండ్రులతో ఒప్పుకున్నాం. తరువాత పిల్లవాణ్ణి పిలిచి, ఈ జబ్బు అంటుకోదు, నువ్వు చేసిన ఏ పనివల్లా రాలేదు అని తండ్రే చెప్పాడు. తగ్గిపోతుందని మాత్రం చెప్పలేదు, అది ఆయనకే తెలియదు. చేతిమీద సూది గుచ్చే చోటు చూపించాడు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "రక్తం బయటికొచ్చి మళ్ళీ నీలోకే వస్తదా నాన్నా?" అని అడిగాడు. ఆ తరువాత ప్రశ్నలు ఆగలేదు. నొప్పా, మిషన్ ఎంతుంటుంది, కరెంటు పోతే ఏం చేస్తారు. మేము జవాబు చెప్పలేనివి కూడా ఉన్నాయి.

సోమవారం ఉదయం బస్సులో తండ్రితోపాటు వాడూ వెళ్ళాడు. వార్డులోకి పిల్లలను రానివ్వరట, తలుపు దగ్గర కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నాన్న మంచినీళ్ళ సీసా వాడే పట్టుకున్నాడని తల్లి చెప్పింది. హాస్టల్‌కు మళ్ళీ పంపాలా వద్దా అన్నది వాళ్ళింట్లో ఇంకా తేలలేదు. ఈసారి వాణ్ణి కూడా కూర్చోబెట్టి మాట్లాడుకుంటున్నారు.