గుంతలో వదిలిన మట్టి దిబ్బ

మా జేజి చెప్పే కథల్లో ఒక మట్టి దిబ్బ ఉండేది. చెరువు పూడిక తీసేటప్పుడు మనవాళ్లు గుంత మధ్యలో కొంచెం నేల తవ్వకుండా వదిలేవాళ్లట. కూలి రోజు లెక్కన కాదు, తవ్విన మట్టి కొలత లెక్కన. పాత నేల ఎంత ఎత్తులో ఉండిందో ఆ దిబ్బే చూపించాలి. కొలిచేవాడు వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు.

బెంగళూరు చుట్టుపక్కల మట్టి పని, రాతి పని చేసినవాళ్లలో తెలుగు మాట్లాడే వడ్డెరలు చాలామంది. కన్నడంలో వీళ్లని భోవి అంటారు. 1951లో నెహ్రూ శంకుస్థాపన చేసి, 1956లో పూర్తయిన విధానసౌధ కూడా రాతి కట్టడమే. దాని నుదుట 'సర్కారద కెలస దేవర కెలస' అని ఉంది. సర్కారు పని దేవుడి పని అని అర్థం. నేను కన్నడ మీడియంలో చదివాను కాబట్టి చిన్నప్పుడే అది చదివి తాతకి వినిపించాను. "దేవుడి పనికైనా కాగితం ఉండాల నాయనా" అన్నాడు.

తాత చిన్న చిన్న గుత్తలు పట్టేవాడు. ఒకసారి ఒక కంట్రాక్టరు కింద పునాది పని చేశాడు. నేల మెత్తగా ఉందని "ఇంకో మూడడుగులు దించు, తర్వాత చూసుకుందాం" అన్నాడాయన. దించి, రాయి కట్టి, మట్టి పూడ్చేశారు. బిల్లు రోజున కాగితంలో ఉన్న లోతుకే డబ్బు వచ్చింది. కూలీలకి ఇవ్వడానికి జేజి కమ్మలు అమ్మింది. ఈసారి చూపించడానికి దిబ్బ కూడా లేదు.

తాతకి తెలియని సంగతి ఒకటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 70వ సెక్షను. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా, న్యాయంగా ఒకరికి పని చేసి పెడితే, దాని లాభం అనుభవించినవాళ్లు పరిహారం ఇవ్వాలి. బెంగాల్లో బి.కె. మండల్ అండ్ సన్స్ వాళ్లు అధికారులు అడిగితే సర్కారుకి గోదాము కట్టారు. చట్టప్రకారం ఒప్పందం మాత్రం లేదు. అయినా 1961లో సుప్రీంకోర్టు ఈ సెక్షను కిందే వాళ్లకి డబ్బు దక్కాలంది. కానీ పని చేసినట్టు రుజువు కావాలి, మామూలుగా మూడేళ్లలోపు దావా వెయ్యాలి. తాత దగ్గర రుజువు లేదు, మూడేళ్లూ ఊరికే పోయాయి.

కూలీల సంగతికొస్తే, 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం ఇరవై మంది, అంతకుమించి ఉన్న చోట్ల, కంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే కూలి ఇవ్వాలని పెట్టింది. తాత రోజుల్లో ఆ భారం జేజి చెవుల మీద పడింది.

పోయిన నెల మా ఇంటిపైన ఇంకో అంతస్తు మొదలుపెట్టాము. మెట్లు ఇంకాస్త వెడల్పు చెయ్యమని మేస్త్రీకి చెప్తూ, "తర్వాత చూసుకుందాం అన్నా" అనేశాను. అని నాలుక కరుచుకున్నాను. ఆఫీసులో నా పనే టెస్టింగు, రాసిపెట్టని మార్పుని ఒప్పుకోను. ఆ సాయంత్రమే కొలత, రేటు ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టాము. ఒక కాపీ ఆయన దగ్గరే ఉంది.

మీ ఇళ్లలో పాత గుత్త కాగితాలు, కొలత పుస్తకాలు ఉంటే పారెయ్యకండి. ఒక ఫోటో తీసి పంపండి.