ది కాల్ ఆఫ్ ది వియర్డ్ (పుస్తకము)

'ది కాల్ ఆఫ్ ది వియర్డ్' బ్రిటిష్ డాక్యుమెంటరీ చిత్రకారుడు లూయీ థెరూ ఆంగ్లములో రచించిన పుస్తకము. ఇది 2005లో ప్రచురితమైనది. 'ట్రావెల్స్ ఇన్ అమెరికన్ సబ్‌కల్చర్స్' అన్నది దీని ఉపశీర్షిక. జాక్ లండన్ 1903లో వ్రాసిన 'ది కాల్ ఆఫ్ ది వైల్డ్' నవల పేరును గుర్తుకు తెచ్చే ఈ శీర్షికను తెలుగులో 'వింతల పిలుపు' అని చెప్పుకొనవచ్చును. టెలివిజన్ కొరకు తాను చిత్రించిన కొందరు అమెరికన్లను రచయిత కొన్ని సంవత్సరముల తరువాత, కెమెరా లేకుండా, మరల వెదకి కలిసిన వృత్తాంతమిది. యాత్రాకథనము, స్వీయ జ్ఞాపకములు రెండూ ఇందులో కలిసి ఉన్నాయి. చిత్రీకరణ ముగిసిన తరువాత చిత్రకారునికి, చిత్రములో కనిపించిన మనిషికి మధ్య ఏమి మిగులుతుంది అన్నది దీనిలోని ప్రధాన ప్రశ్న.

రచయిత

లూయీ థెరూ 1970 మే 20న సింగపూరులో జన్మించాడు, లండనులో పెరిగాడు. తండ్రి పాల్ థెరూ ప్రసిద్ధ అమెరికన్ యాత్రా రచయిత. భారతదేశము మీదుగా ఆసియా ఖండములో రైళ్ళలో చేసిన ప్రయాణమును వర్ణించే 'ది గ్రేట్ రైల్వే బజార్' (1975) ఆయన రచనయే. లూయీ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములోని మాడ్లిన్ కళాశాలలో చరిత్ర చదివి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు. అటుపిమ్మట అమెరికాలో పాత్రికేయునిగా పనిచేసి, 1994లో మైకేల్ మూర్ నిర్వహించిన 'టీవీ నేషన్' కార్యక్రమములో విలేఖరిగా చేరాడు.

నేపథ్యము

1998 నుండి 2000 వరకు బీబీసీ టూ ఛానెల్ 'వియర్డ్ వీకెండ్స్' అను ధారావాహికను ప్రసారము చేసినది. ఇందులో థెరూ ప్రధాన స్రవంతికి దూరముగా ఉండే సమూహముల వద్దకు వెళ్ళి, వారితో కొన్ని రోజులు గడిపి, వారి పనులలో తానూ పాల్గొనేవాడు. గ్రహాంతరవాసులను నమ్మేవారు, అశ్లీల చిత్రముల నటులు, ప్రభుత్వము కూలిపోవునని భావించి ఆహారమును, ఆయుధములను నిల్వచేసుకొనేవారు, దక్షిణాది గాంగ్‌స్టా ర్యాప్ గాయకులు ఈ ధారావాహికలో కనిపించారు. 2003లో నెవాడా రాష్ట్రములోని చట్టబద్ధమైన ఒక వేశ్యాగృహము గురించి, కాలిఫోర్నియాలోని నవ నాజీల గురించి వేర్వేరు చిత్రములు తీశాడు. ఈ చిత్రములలో పరిచయమైన వారిలో కొందరిని వెదకుచూ 2004లో అమెరికా అంతటా పర్యటించి ఈ పుస్తకమును వ్రాశాడు.

విషయ సంగ్రహము

పుస్తకములోని అధ్యాయములు చాలా వరకు ఒక్కొక్క వ్యక్తి చుట్టూ అల్లుకొన్నవి. గ్రహాంతరవాసులను సంహరించినానని చెప్పుకొన్న ఒక వ్యక్తి కొరకు అన్వేషణతో కథనము మొదలవుతుంది. ధనవంతులగు మార్గము బోధించే లాస్ వేగాస్ హిప్నాటిస్టు, వేశ్యాగృహములో పనిచేసిన యువతి, ఐడహో రాష్ట్రములోని నవ నాజీ వృద్ధుడు తరువాతి అధ్యాయములలో వస్తారు. వీరిలో లోకమంతటికీ తెలిసిన పేరు సంగీతకారుడు ఐక్ టర్నర్‌ది (1931–2007). రాక్ అండ్ రోల్ చరిత్రలో తొలి పాటలలో ఒకటిగా చెప్పబడే 'రాకెట్ 88' (1951) ఆయన బృందముదే. అయినను భార్య టీనా టర్నర్‌ను హింసించిన వ్యక్తిగానే ఆయన ఎక్కువమందికి జ్ఞాపకమున్నాడు.

కాలము ఈ సమూహములను ఏమి చేసినదో కూడా పుస్తకము చూపుతుంది. సంవత్సరము 2000 రాగానే కంప్యూటర్లు విఫలమై నాగరికత కూలునని కొందరు ఎదురుచూశారు, అది జరుగలేదు. ఐడహోలోని 'ఆర్యన్ నేషన్స్' సంస్థ 2000లో ఒక దావా ఓడిపోయినది. 63 లక్షల డాలర్ల పరిహారము చెల్లించవలసి రావడముతో తన స్థావరమునే కోల్పోయినది. దాని నాయకుడు రిచర్డ్ బట్లర్ 2004 సెప్టెంబరులో మరణించాడు.

మరొక అధ్యాయము 'హెవెన్స్ గేట్' అను మతబృందమునకు సంబంధించినది. హేల్–బాప్ తోకచుక్క వెనుక వచ్చే అంతరిక్ష నౌక తమను పై లోకమునకు తీసుకొనిపోవునని నమ్మి, 1997 మార్చిలో కాలిఫోర్నియాలో ఈ బృందమునకు చెందిన 39 మంది ఆత్మహత్య చేసుకొన్నారు. అంతకు కొద్దికాలము ముందే థెరూ చిత్రీకరణకు అనుమతి కోరగా, తాము చేయవలసిన పనికి అది ఆటంకమని వారు మర్యాదగా తిరస్కరించారు. థెరూ ఈ బృందపు మాజీ సభ్యుని కలిసి మాట్లాడాడు. ఇతర అధ్యాయములలో నవ్వు పుట్టించే విశ్వాసము ఇక్కడ ప్రాణములు తీసినది.

పద్ధతి

థెరూ వాదించడు, ఉపన్యసించడు. ఏమీ తెలియని వానివలె సరళమైన ప్రశ్నలు అడిగి, సమాధానము కొరకు ఓపికగా వేచియుంటాడు. ఎదుటివారు తమ స్వభావమును తామే బయటపెట్టుకొంటారు. అయితే మర్యాదకు ఆయన ఒక హద్దు పెట్టుకొన్నాడు. 2003 నాటి చిత్రములో ఒక నవ నాజీ బృందము 'నీవు యూదుడవా?' అని నిలదీయగా, యూదుడు కాకపోయినను ఆయన జవాబు చెప్పలేదు. జవాబిచ్చుట వారి జాతి ద్వేషమునకు విలువ ఇచ్చినట్లగునని ఆయన భావన.

నైతిక ప్రశ్నలు

ఈ పద్ధతిపై రెండు ఆక్షేపణలు కలవు. మొదటిది, బలహీనులను వినోద వస్తువులుగా చూపుటయే ఇది అన్నది. రెండవది, ద్వేషమును ప్రచారము చేసేవారిని సామాన్య మానవులుగా చూపితే వారికి గౌరవము లభించునన్నది. పుస్తకములో థెరూ ఈ సందేహములను తనపైననే ప్రయోగించుకొంటాడు. తాను చూపిన స్నేహము నిజమైనదా, వృత్తిలో భాగమా అని ప్రశ్నించుకొంటాడు. నవ నాజీలలో ఆత్మీయముగా మాట్లాడేవారు ఉండవచ్చును. దానివలన వారి సిద్ధాంతములోని దుర్మార్గము తగ్గదు. ఈ రెండు విషయములనూ ఒకేసారి గుర్తుంచుకొనుట పాఠకునికి కష్టమనిపిస్తుంది, కాని పుస్తకము కోరేది అదే.

తరువాతి పరిణామములు

స్నేహపూర్వక పరిశీలనకు గల పరిమితి తరువాతి కాలములో మరింత స్పష్టమైనది. 2000లో థెరూ బీబీసీ ప్రయోక్త జిమ్మీ సావిల్‌పై ఒక చిత్రము తీశాడు. పిల్లలకు సంబంధించిన వదంతులను గురించి అప్పుడే అడిగినను నిజము బయటపడలేదు. 2011లో సావిల్ మరణించగా, ఆయన అనేకమందిపై లైంగిక అత్యాచారములు జరిపినట్లు 2012లో వెల్లడియైనది. తాను ఎట్లు మోసపోయినదీ పరిశీలించుకొనుచు థెరూ 2016లో మరొక చిత్రము తీశాడు. 2019లో వెలువడిన ఆత్మకథాత్మక గ్రంథము 'గాటా గెట్ థెరూ దిస్'లో కూడా ఈ విషయమును విస్తారముగా చర్చించాడు.

తాను చిత్రించినవారిని మరల కలిసే పద్ధతిని కూడా థెరూ కొనసాగించాడు. 2007లో వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి కుటుంబముపై తీసిన చిత్రమునకు కొనసాగింపుగా 2011లోను, 2019లోను మరల వారివద్దకు వెళ్ళాడు. ఆ మధ్యకాలములో ఆ కుటుంబమునకు చెందిన కొందరు యువతీయువకులు చర్చిని విడిచిపెట్టారు. ఒక మనిషిని ఒక్కసారి చూచి తీర్పు చెప్పరాదన్న ఈ పుస్తకపు ఆలోచనకు ఇది ఒక ఉదాహరణ.