సరంజామా సేనాని

వాషింగ్టన్ నగరంలోని స్టాంటన్ పార్కు మధ్య నతానియెల్ గ్రీన్ కంచు గుర్రమెక్కి కూర్చుంటాడు. 1878 నాటి విగ్రహం. స్వాతంత్ర్య యుద్ధంలో సేనాధికారి అంటే లోకం ఊహించుకునే రూపం అదే. ఆయన ఉత్తర ప్రత్యుత్తరాలను చరిత్రకారులు పోగుచేసి 13 సంపుటాలుగా అచ్చువేశారు. వాటిలో కత్తి మెరిసేది తక్కువ, బండ్లు, గుర్రాల మేత, బూట్లు, ఉప్పు, గుడారాల గుడ్డ, జీతాల బకాయిలు కనబడేది ఎక్కువ. విగ్రహం అబద్ధం అనను. ఆ జీవితంలో అది చాలా చిన్న ముక్క అని మాత్రం అంటాను. 1775లో మొదలై 1783లో ముగిసిన అమెరికా స్వాతంత్ర్య సమరంలో అధికారి చేసిన అసలు పని పోరాడటం కాదు, పోరాడాల్సిన దండు రేపటికి మిగిలి ఉండేలా చూడటం. గ్రీన్‌కు వచ్చిన పేరూ, ఆయన కుటుంబానికి పట్టిన గతీ రెండూ ఆ పనిలోంచే పుట్టాయి.

ఆయన 1742లో రోడ్ ఐలండ్‌లో పుట్టాడు. ఇంటివాళ్లు క్వేకర్లు, ఆయుధం పట్టడమే పాపమని నమ్మే క్రైస్తవ శాఖ వాళ్లది. బతుకుతెరువు కొలిమి, అందులోనూ ఓడల లంగర్లు చేసే కొలిమి. ఆయనకు కుడికాలు కుంటి, పైగా ఉబ్బసం, మశూచి రాకుండా వేయించుకున్న టీకా వికటించి కుడికంట్లో మచ్చ. చదువు చాలావరకు సొంతంగా తెచ్చుకున్నదే. బోస్టన్‌లో హెన్రీ నాక్స్ పుస్తకాల దుకాణానికి వెళ్లి యుద్ధశాస్త్ర గ్రంథాలు తెచ్చుకునేవాడు. ఆ దుకాణదారు తరవాత అదే సైన్యంలో ఫిరంగిదళాధిపతి అయ్యాడు. 1773లో క్వేకర్లు ఆయన్ని తమ సభ నుంచి తప్పించారు. మరుసటి ఏడు ఊళ్లో కెంటిష్ గార్డ్స్ అనే స్వచ్ఛంద దళం కట్టడంలో ఆయన చెయ్యి కూడా ఉంది. కానీ కుంటివాడు ముందు నడిస్తే దళానికి అందం చెడుతుందని తోటివాళ్లు అధికారి పదవి ఇవ్వలేదు. మనసు చివుక్కుమన్నా మామూలు సిపాయిగానే తుపాకీ మోశాడు. 1775 మే నెలలో రోడ్ ఐలండ్ శాసనసభ తన సైన్యానికంతటికీ ఆయన్నే బ్రిగేడియర్ జనరల్‌ను చేసింది. సిపాయి నుంచి జనరల్‌కు ఒక్క అంగలో! రాత్రికి రాత్రే సైన్యాన్ని పుట్టించుకోవాల్సిన దేశంలో ఇలాంటివి జరుగుతాయి. అక్కడ అధికారులు యుద్ధం చేస్తూనే యుద్ధం నేర్చుకున్నారు. ఆ చదువుకు రుసుము చెల్లించింది మాత్రం కింది సిపాయిలు.

గ్రీన్ కట్టించిన రుసుము చిన్నది కాదు. 1776 నవంబరులో హడ్సన్ నది ఒడ్డున ఫోర్ట్ వాషింగ్టన్‌ను ఖాళీ చెయ్యనక్కర్లేదు, నిలబెట్టుకోవచ్చని సలహా ఇచ్చింది ఆయనే. 16వ తేదీన కోట పడిపోయింది. దాదాపు 2,800 మంది బందీలయ్యారు. వాళ్లలో చాలామంది బ్రిటిష్ వాళ్ల చెరల్లో ఆకలికీ జబ్బులకీ పోయారు. జార్జి వాషింగ్టన్ తన శిష్యుణ్ణి పక్కన పెట్టలేదు. ఇది గురువు ఔదార్యమా, గత్యంతరం లేకనా అంటే రెండూ కావచ్చు. నా దృష్టిలో గ్రీన్‌ను మార్చింది ఆ కోట. నేలకోసం మనుషుల్ని పణం పెట్టకూడదనే పాఠం ఆయన తరవాతి యుద్ధమంతటా కనిపిస్తుంది.

రెండో బడి వ్యాలీ ఫోర్జ్. 1777-78 చలికాలంలో అక్కడ విడిది చేసిన సైన్యంలో రెండువేల మంది దాకా జబ్బులతో చనిపోయారు. వాళ్లను చంపింది శత్రువు కాదు. దేశంలో తిండి లేకా కాదు, ఉన్న తిండి బండెక్కి శిబిరానికి చేరక. ఫిబ్రవరిలో వాషింగ్టన్ గ్రీన్‌ను చుట్టుపక్కల పల్లెల మీదికి పంపాడు: దొరికిన పశువుల్నీ, గుర్రాల్నీ, మేతనీ తోలుకురమ్మని. డబ్బుకు బదులు చీటీలు రాసివ్వాలి. రైతులు చుట్టుముట్టి గగ్గోలు పెడుతుంటే బైబిల్లోని ఫారో చక్రవర్తిలా గుండె రాయి చేసుకుంటున్నానని ఆయన వాషింగ్టన్‌కు రాశాడు. ఎవరి స్వేచ్ఛ కోసం యుద్ధమో వాళ్ల కొట్టంలో ఆవును విప్పుకురావడం కూడా ఆ అధికారి విధుల్లో ఒకటి. విగ్రహం చెయ్యడానికి పనికొచ్చే దృశ్యం కాదిది.

మార్చిలో ఆయన్ని క్వార్టర్‌మాస్టర్ జనరల్‌ను చేశారు, అంటే సైన్యానికి కావలసిన సమస్త సరంజామాకూ బాధ్యుణ్ణి. ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. చరిత్రలో ఎక్కడైనా క్వార్టర్‌మాస్టర్ పేరు విన్నామా అని బాధపడ్డాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మన పెద్దలు దండు నడిపి చూడు అని కూడా చేర్చవలసింది. ఫలానా రోజుకు ఫలానా రేవు దగ్గర ఎన్ని గుర్రాలకు మేత ఉండాలి, బండి ఇరుసు విరిగితే వడ్రంగి ఎక్కడ దొరుకుతాడు, వాన పడితే ఏ దారి బురదవుతుంది, ఇవన్నీ ముందే తెలియాలి. ఆయన సైన్యం నడిచే దారుల వెంట మేత నిల్వలు పెట్టించాడు. జూన్‌లో వ్యాలీ ఫోర్జ్ నుంచి బయల్దేరి శత్రువును మన్మత్ దాకా తరిమిన దండు, చలికాలంలో కదల్లేక పడి ఉన్న దండేనా అనిపించింది. ఈలోగా కాంగ్రెస్ అచ్చువేసిన నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. 1780లో కాంగ్రెస్సే 40 కాగితపు డాలర్లకు ఒక వెండి డాలరని లెక్కకట్టింది. బాకీలు తీరవు, నిందలు ఆగవు. విసిగిపోయి జులైలో ఘాటుగా ఉత్తరం రాసి రాజీనామా ఇచ్చాడు. కాంగ్రెస్‌లో కొందరు ఆయన్ని సైన్యంలోంచే గెంటెయ్యాలన్నంత దూరం వెళ్లారు.

గెంటకపోవడమే మేలైంది. ఆ ఆగస్టులో దక్షిణాన కామ్డెన్ దగ్గర హొరేషియో గేట్స్ సైన్యం చెదిరిపోయింది. సేనాపతి తన దండును వదిలేసి మూడు రోజుల్లో సుమారు 180 మైళ్లు గుర్రం మీద పోయాడు. కాంగ్రెస్ అంతకుముందు దక్షిణానికి పంపిన సేనాపతుల గతి చూశాక ఈసారి ఎంపికను వాషింగ్టన్‌కు వదిలింది. ఆయన గ్రీన్ పేరు చెప్పాడు. డిసెంబరు మొదట్లో షార్లట్ చేరిన గ్రీన్‌కు కాగితం మీద 2,300 మంది ఉన్నారు. ఒంటిమీద సరైన బట్ట, చేతిలో సరైన ఆయుధం ఉన్నవాళ్లు 800. ఆయన మొదట శత్రువును వెతకలేదు, నదుల్ని వెతికించాడు. డాన్, యాడ్కిన్, కటావ్బా నదుల లోతు ఎంత, రేవులెక్కడ, పడవలెన్ని అని కొలవడానికి మనుషుల్ని పంపాడు. పోలండ్ నుంచి వచ్చిన ఇంజనీరు కోషూష్కో చేత పడవలు కట్టించాడు. ఇవన్నీ క్వార్టర్‌మాస్టర్ అలవాట్లే.

జనవరి 17న కౌపెన్స్ దగ్గర గ్రీన్ కింది అధికారి డేనియల్ మోర్గన్ బ్రిటిష్ దళాన్ని తుడిచిపెట్టాడు. కోపంతో ఊగిపోయిన బ్రిటిష్ సేనాపతి కార్న్‌వాలిస్, వేగం కోసం రామ్సర్ మిల్ దగ్గర బండ్లు, గుడారాలు, సామాను అన్నీ తగలబెట్టించాడు. తన సొంత సామానుతో మొదలుపెట్టి. రమ్ము పీపాలు పగలగొట్టించాడు. అలా తేలికైన సైన్యంతో గ్రీన్ వెంటపడ్డాడు. నది తరవాత నది. ప్రతి రేవు దగ్గరా గ్రీన్‌కు పడవలు సిద్ధం, ఈ ఒడ్డున వెంటపడేవాడికి ఒక్కటీ మిగలదు. ఫిబ్రవరి 14న గ్రీన్ సైన్యం డాన్ నది దాటి వర్జీనియాలో అడుగుపెట్టింది. కార్న్‌వాలిస్ పొంగుతున్న నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. సామాను తగలబెట్టుకున్న సైన్యం, సామాను లెక్క తెలిసిన సైన్యం వెంట పడితే ఏమవుతుందో ఆ రెండు ఒడ్లూ చెబుతాయి.

ఆ తరవాత గ్రీన్ తాను నడిపిన పెద్ద యుద్ధాల్లో ఒక్కటీ గెలవలేదు. మార్చి 15న గిల్ఫర్డ్ కోర్ట్‌హౌస్ దగ్గర మైదానం బ్రిటిష్ వాళ్లకే దక్కింది. కానీ వాళ్ల రెండువేల లోపు సైన్యంలో 500 మందికి పైగా చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఇంకో విజయం ఇలాంటిదే వస్తే సైన్యమే మిగలదని లండన్ పార్లమెంటులో చార్లెస్ ఫాక్స్ ఎత్తిపొడిచాడు. ఏప్రిల్‌లో హాబ్‌కర్క్స్ హిల్, వేసవిలో నైంటీ సిక్స్ కోట ముట్టడి, సెప్టెంబరులో యుటా స్ప్రింగ్స్, అన్నింటా వెనక్కి తగ్గింది గ్రీనే. ఏడాది తిరిగేసరికి కెరొలినాల్లో, జార్జియాలో బ్రిటిష్ వాళ్లకు మిగిలింది చార్లెస్టన్, సవానా రేవులు మాత్రమే.

గ్రీన్‌ను ఇలా మెచ్చుకోవడానికి గట్టి అభ్యంతరాలున్నాయి. ఈ పని చేసింది గ్రీన్ కాదు, చిత్తడి అడవుల్లోంచి దెబ్బతీసి మాయమయ్యే ఫ్రాన్సిస్ మారియన్, థామస్ సమ్టర్, ఆండ్రూ పికెన్స్ లాంటి స్థానిక నాయకులని మొదటి మాట. వాళ్లు లేకపోతే గ్రీన్ లేడన్నది నిజం. కానీ గ్రీన్ రాకముందూ వాళ్లు పోరాడుతూనే ఉన్నారు, కోటలు మాత్రం కూలలేదు. ఫోర్ట్ వాట్సన్, ఫోర్ట్ మాట్, అగస్టా ఒకదాని వెంట ఒకటి పడింది, ఓడినా చెదరని రెగ్యులర్ సైన్యం ఒకటి దగ్గర్లో ఉండి శత్రువు ప్రధాన బలాన్ని కట్టిపడేసినప్పుడే. కలిసి పనిచెయ్యడం కూడా అంత సాఫీగా సాగలేదు. గుర్రాలు పంపమని గ్రీన్ అడిగితే మారియన్ రాజీనామా చేస్తానన్నాడు. ఇక రెండో మాట: యుద్ధాన్ని తేల్చింది 1781 అక్టోబరులో కార్న్‌వాలిస్ లొంగిపోయిన యార్క్‌టౌన్, అక్కడ పనిచేసింది ఫ్రెంచి నౌకాదళం. కాదనను. అయితే కార్న్‌వాలిస్ యార్క్‌టౌన్‌కు ఎందుకు వెళ్లాడు? గిల్ఫర్డ్‌లో గెలిచి, కెరొలినాలో నిలవలేక వర్జీనియా దారి పట్టాడు కాబట్టి. పైగా ఆ ఏడాది యూరప్‌లో, ఎవరి చేతిలో ఉన్న నేల వారిదేనన్న షరతుతో సంధి చెయ్యాలనే మాటలు నడిచాయి. ఆ సంధే కుదిరి ఉంటే, గ్రీన్ ఓడుతూ తిరిగి సంపాదించిన పల్లెసీమలే ఆ రాష్ట్రాల్ని కొత్త దేశంలో కలిపి ఉంచేవి.

మూడో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సరంజామా అధికారికి ఖర్చు మీద కమిషన్ ఉండేది. 1779లో గ్రీన్ మరో ఇద్దరితో కలిసి ఒక వ్యాపార సంస్థలో రహస్య భాగస్వామి అయ్యాడు. ఉత్తరాల్లో పేర్లకు బదులు అంకెలు వాడదామని తానే రాశాడు. ఆ కాలపు రివాజు అని దులుపుకోవచ్చు కానీ, రివాజే అయితే దాచడం ఎందుకు? తప్పు తప్పే. కానీ యుద్ధం ఆయన్ని ధనవంతుణ్ణి చేసిందనే మాట మాత్రం నిలవదు. దక్షిణాన సైనికులకు చొక్కాలు లేనప్పుడు జాన్ బ్యాంక్స్ అనే కాంట్రాక్టరు సరుకు ఇస్తానన్నాడు. వర్తకులు అతణ్ణి నమ్మలేదు, గ్రీన్ జామీను నిలబడ్డాడు. బ్యాంక్స్ ఆ డబ్బును వేరే బేరాల్లో పెట్టి దివాలా తీశాడు. అతణ్ణి వెతుక్కుంటూ గ్రీన్ వందల మైళ్లు వెళ్లేసరికి మనిషే లేడు, చనిపోయాడు. అప్పు జామీనుదారు మెడకు చుట్టుకుంది.

కృతజ్ఞతగా జార్జియా ఆయనకు సవానా నది ఒడ్డున మల్బరీ గ్రోవ్ అనే వరి ఎస్టేటు ఇచ్చింది. అది రాజు పక్షం వహించిన జాన్ గ్రాహం నుంచి జప్తు చేసినది. క్వేకర్ ఇంట పుట్టిన మనిషి బానిసల్ని కొన్నాడు. నల్లవాళ్లను సైన్యంలో చేర్చుకుని స్వేచ్ఛ ఇద్దామని 1782లో దక్షిణ కెరొలినాకు సలహా ఇచ్చినవాడూ ఆయనే. అక్కడి శాసనసభ ఒప్పుకోలేదు. బానిసత్వాన్ని సమర్థించే వాదం లేదని ఒక క్వేకర్ మిత్రుడికి రాశాడు కూడా. వాదం లేదు, అప్పు ఉంది, పొలం ఉంది, కొనుగోలు సాగింది. 1786 జూన్ 19న, ఎండలో పొరుగువారి వరిపొలం చూసొచ్చి వడదెబ్బతో చనిపోయాడు. 43 ఏళ్లు.

మూడు నెలలు తిరక్కముందే ఆయన పాత ప్రత్యర్థి కలకత్తాలో గవర్నర్ జనరల్‌గా దిగాడు. టిప్పు సుల్తాన్ మీద దండెత్తిన కార్న్‌వాలిస్ 1791 మే నెలలో శ్రీరంగపట్నం దాకా వెళ్లి, ఎద్దులు మేతలేక చచ్చిపోతుంటే కోటను బద్దలుకొట్టే ఫిరంగుల్ని తానే పాడుచేసుకుని వెనక్కి తిరిగాడు. మరుసటి దండయాత్రకు మాత్రం ఎద్దుల మీద ధాన్యం మోసుకొచ్చే బంజారాల్ని ముందే కుదుర్చుకున్నాడు. 1792 మార్చిలో టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు. కడప సీమ నిజాం పాలైంది. రామ్సర్ మిల్ మంటలు ఆయనకు గుర్తొచ్చాయో లేదో చెప్పలేం కానీ, ఈసారి సామాను సంగతి ముందు చూసుకున్నాడు.

సరిగ్గా ఆ వసంతంలోనే, ఏప్రిల్‌లో, గ్రీన్ భార్య కాథరిన్ ఏళ్లతరబడి పెట్టుకున్న అర్జీని అమెరికా కాంగ్రెస్ ఆమోదించింది. సైన్యం చొక్కాల కోసం చేసిన అప్పుకు 47,000 డాలర్లు. అప్పటికే ఆయన్ని పూడ్చిన చోటు జనం మరచిపోతున్నారు. 1901లో సవానాలో వెతికినవాళ్లకు ఆ ఎముకలు దొరికింది గ్రాహం కుటుంబపు సమాధి గదిలో, అంటే ఆయనకు కానుకగా ఇచ్చిన ఎస్టేటు ఎవరి దగ్గర లాక్కున్నారో వాళ్ల గదిలోనే.