ఆగి ఉన్న కారులోంచి పెట్రోలు ఎక్కడికి పోతోంది?

ఓయూ క్యాంపస్‌లో ఎండకి ఆపిన కారు దగ్గర పెట్రోలు వాసన. ఇంజన్ ఆఫ్. కింద చుక్క లేదు. మరి వాసనేంటి? ఆవిరి. దీని వెనక పెద్ద కథే ఉంది.

1950ల్లో లాస్ ఏంజలెస్‌లో జనం కళ్లు మండిపోయేవి. హాగెన్-స్మిట్ అనే సైంటిస్టు కారణం తేల్చాడు: పెట్రోలు ఆవిరి, బండి పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ పుట్టిస్తున్నాయి. అంటే ఆగి ఉన్న కారు కూడా గాలిని పాడు చేస్తోంది! అందుకే 1971 మోడళ్లకల్లా అమెరికా అంతటా ఆవిరిని పట్టే ఏర్పాటు తప్పనిసరైంది. అలా కార్లోకి బొగ్గు డబ్బా వచ్చింది. (బొగ్గంటే గుర్తొచ్చింది, మన తార్నాకలో 1944లో మొదలైన ల్యాబ్, ఇప్పటి ఐఐసీటీ, బొగ్గు మీద ఏళ్ల తరబడి పనిచేసింది.) డబ్బాలోని యాక్టివేటెడ్ కార్బన్ ట్యాంకు ఆవిరిని పట్టుకుంటుంది. బండి నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని దాన్ని ఇంజన్‌కి పంపేస్తుంది.

లీకైతే? మెకానిక్ ఆ పైపుల్లోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపి, ఎక్కడ బయటికొస్తుందో చూస్తాడు. నాకు బాగా నచ్చే పద్ధతి ఇదే. కానీ ముందు పెట్రోలు మూత రబ్బరు రింగు చూడండి, చీలిందేమో. వాసన ఘాటుగా ఉంటే మాత్రం స్టార్ట్ చేయొద్దు, దగ్గర్లో సిగరెట్ వద్దు.

ఇంకోటి. బంకులో నాజిల్ టక్‌మని ఆగాక "అన్నా, రౌండ్ ఫిగర్ చెయ్" అంటాం కదా? ఆ ఎక్కువైన పెట్రోలు డబ్బాలోకి దిగితే కార్బన్ తడిసి పాడైపోతుంది.